గెలిచే కట్ట ఏది?



వార్షికోత్సవ సంచికలో పత్తాల గురించి వ్యాసమా అని ముక్కున వేలేసుకోకండి. పోయిన దసరా సెలవులకు ముందు మేము హాస్టల్‌కు వచ్చినప్పుడు తొమ్మిదో తరగతి తమ్ముళ్ళు చుట్టూ చేరి ఒక ప్రశ్న అడిగారు. ఇంటికి పోయినప్పుడు ఫోన్లో పోకెమాన్ కార్డుల ఆట ఆడతారట. "అన్నా, మంచి కార్డులన్నీ పెట్టినా ఓడిపోతున్నం. ఎందుకన్నా?" అన్నారు. బస్సు టైం కావడంతో ఆ రోజు జవాబు చెప్పలేకపోయాం. మేము చదివేది ఎమ్మెస్సీ గణాంకశాస్త్రం. నిజానికి ఆ ప్రశ్న మా సిలబస్‌లోదే. అందుకే ఇప్పుడు తీరికగా చెబుతున్నాం.

1. అట్టముక్కల రోజులు

మా కాలంలో హాస్టల్లో ఆడింది కుస్తీవీరుల ట్రంప్ కార్డులు. కొనడానికి పైసలు లేక, ఊళ్ళ నుంచి వచ్చిన పెళ్ళి శుభలేఖలను కత్తిరించి వెనకవైపు మేమే రాసుకున్నాం. ఒక్కో ముక్క మీద వీరుడి పేరు, ర్యాంకు, ఎత్తు, బరువు, గెలిచిన కుస్తీలు. పైముక్క చూసుకుని ఒక అంశం పిలవాలి. ఎవరిది మెరుగైతే ముక్కలు వాళ్ళవి.

మొదట్లో ఒకటో ర్యాంకు వీరుడు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే గెలుస్తారనుకున్నాం. అది తప్పని కొద్దిరోజులకే తెలిసింది. ర్యాంకులో అట్టడుగున ఉన్న లావుపాటి వీరుడు "బరువు" అని పిలిస్తే ఒకటో ర్యాంకు వాడిని కూడా పట్టుకుపోయేవాడు. అప్పటి నుంచి ఏ ముక్క ఏ పిలుపుకు గెలుస్తుందో, దేనికి ఓడుతుందో లెక్కల నోటుబుక్కు చివరి పేజీల్లో గీతలు గీసి పెట్టుకున్నాం.

ఒకరోజు స్టడీ అవర్‌లో కట్ట వార్డెన్ సార్ చేతికి చిక్కింది. "పైసలు పెట్టి ఆడుతున్నార్రా?" అన్నారు. మేము నోటుబుక్కు చూపించాం. కాసేపు తిరగేసి, "ఆదివారం ఆడుకోండి. పైసల మాట వినపడిందా, ఇంటికి పంపిస్త" అని కట్ట తిరిగి ఇచ్చారు. సార్ భయం ఎందుకో మాకు తెలుసు. ఆ సంగతి చివర్లో చెబుతాం.

2. పాత ఆట, కొత్త ఆట

పత్తాలు మన ప్రాంతానికి కొత్త కాదు. పాత ఆదిలాబాద్ జిల్లాలోని నిర్మల్ కొయ్యబొమ్మలు అందరికీ తెలుసు. ఒకప్పుడు అక్కడి కళాకారులు గంజీఫా ముక్కలు కూడా చిత్రించేవారు. గంజీఫా ముక్కలు గుండ్రంగా ఉంటాయి. దశావతార గంజీఫాలో పది అవతారాలకు పది రంగులు, రంగుకు 12 ముక్కలు, మొత్తం 120. అంకెల ముక్కల్లో సగం రంగులకు పది పెద్దది, మిగతా సగానికి ఒకటి పెద్దది. ఏ ముక్కలు పోయాయో గుర్తు పెట్టుకున్నవాడిదే ఆట. 1527లో బాబర్ సింధుకు గంజీఫా ముక్కలు పంపినట్టు తన ఆత్మకథలో రాసుకున్నాడు.

ఆ ఆటల్లో అందరికీ కలిపి ఒకే కట్ట. 1993లో గణితశాస్త్రవేత్త రిచర్డ్ గార్‌ఫీల్డ్ "మ్యాజిక్: ది గ్యాదరింగ్" అనే ఆటతో ఈ పద్ధతి మార్చాడు. ఇందులో ఎవరి కట్ట వారే ఇంటి దగ్గర కట్టుకుని తెస్తారు. 1996లో జపాన్‌లో పోకెమాన్ కార్డులు, 1999లో యూ-గి-ఓ కార్డులు ఇదే దారిలో వచ్చాయి. తమ్ముళ్ళు ఆడే ఫోన్ ఆట "పోకెమాన్ టీసీజీ పాకెట్" 2024 అక్టోబరు 30న విడుదలైంది.

ప్రతి ఆటకూ హద్దు ఉంది. మ్యాజిక్‌లో కనీసం 60 ముక్కలు, మామూలు భూమి ముక్కలు తప్ప ఏ ముక్కయినా నాలుగు ప్రతులకు మించరాదు. ఫోన్ పోకెమాన్‌లో సరిగ్గా 20 ముక్కలు, ఒక పేరువి రెండే. ఈ హద్దులోనే చదువంతా ఉంది.

3. మొదటి పాఠం: వదులుకోవడం

ఒక కట్టలో 20 ముక్కలున్నాయి. మనకు కావలసిన ముక్క రెండు ప్రతులు పెట్టాం. మొదట ఐదు ముక్కలు తీస్తాం. వాటిలో కనీసం ఒకటైనా వచ్చే అవకాశమెంత?

ముందు రాకపోయే అవకాశం కడదాం. రెండు ప్రతులూ మిగిలిన 15 ముక్కల్లోనే ఉండిపోవాలి. అంటే (15×14)/(20×19) = 210/380. దీన్ని ఒకటిలో నుంచి తీసేస్తే 170/380, దాదాపు 45 శాతం. ఒకే ప్రతి పెడితే 5/20, అంటే 25 శాతం. (ఫోన్ ఆటలో మొదటి చేతిలో ఒక మూల పోకెమాన్ తప్పక వచ్చేలా చూస్తారు కాబట్టి అంకె కొంచెం మారుతుంది. మన అట్టముక్కలకు మాత్రం ఇదే లెక్క.)

ఇప్పుడు "ఇదీ మంచిదే, అదీ మంచిదే" అని కట్టను 30 ముక్కలకు పెంచామనుకోండి. అదే రెండు ప్రతులకు లెక్క 1 − (25×24)/(30×29), అంటే దాదాపు 31 శాతం. చేర్చినవన్నీ మంచి ముక్కలే. అయినా అసలు ముక్క అందే అవకాశం 45 నుంచి 31కి పడిపోయింది. చేర్చిన ప్రతి ముక్కా ఇంకో ముక్కను దూరం చేస్తుంది. తమ్ముళ్ళ ప్రశ్నకు మొదటి జవాబు ఇదే. మంచి కార్డులన్నీ పెట్టడం వల్లనే ఓడిపోతున్నారు.

రెండు మెట్లు ఎదిగే పోకెమాన్ ఒకదాన్ని పూర్తి ప్రతులతో పెడితే 2+2+2, ఆరు ముక్కలు పోతాయి. అలాంటివి మూడు పెడితే 18. ఇక సాయం చేసే ముక్కలకు చోటేదీ? రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడే మునుగుతాడు. మూడు పడవల సంగతి చెప్పనక్కరలేదు.

4. రెండో పాఠం: ఖర్చు మెట్లు

మ్యాజిక్‌లో ముక్క ఆడాలంటే శక్తి కావాలి. శక్తి భూమి ముక్కల నుంచి వస్తుంది. 60 ముక్కల్లో 24 భూములు పెడితే, మొదటి ఏడు ముక్కల్లో రెండు నుంచి నాలుగు భూములు వచ్చే అవకాశం దాదాపు 77 శాతం. ఒకటి వచ్చో అసలు రాకో ఇబ్బందిపడేది 14 శాతం. ఐదుకు తగ్గకుండా వచ్చి చేతినిండా భూములే మిగిలేది 8 శాతం. ఎంత బాగా కట్టినా చెడ్డ చేతులు వస్తూనే ఉంటాయి. వాటిని తగ్గించగలం కానీ పూర్తిగా తీసేయలేం.

1996లో అమెరికాలోని అట్లాంటాలో జరిగిన ఒక అర్హత పోటీలో పాల్ స్లై అనే ఆటగాడు, జే ష్నైడర్ ఆలోచనతో తయారైన ఒక ఎర్ర కట్ట తెచ్చాడు. అందులో చాలా ముక్కలు చవకవి, ఎవరూ లెక్కచేయనివి. కానీ మొదటి వంతుకు ఒక శక్తి ముక్క, రెండో వంతుకు రెండు శక్తుల ముక్క, ఇలా ప్రతి వంతులోనూ ఉన్న శక్తి వృథా కాకుండా మెట్లు మెట్లుగా పేర్చారు. ఎదుటివాళ్ళు తమ ఖరీదైన ముక్క కోసం ఎదురుచూస్తుండగానే ఆట అయిపోయేది. ఆ కట్టకు "స్లై" అనే పేరు స్థిరపడింది. నవ్విన నాపచేనే పండింది. పైసలున్నవాడి కట్టే గెలుస్తుందని దిగులుపడే తమ్ముళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

5. మూడో పాఠం: ఎదుట ఎవరున్నారు?

కట్టలను స్థూలంగా మూడు రకాలనుకుందాం. మొదటి వంతు నుంచే మీదపడేది దూకుడు కట్ట. ఎదుటివాడి ఎత్తులు ఆపుతూ నిదానంగా గెలిచేది అడ్డుకట్ట. రెండు మూడు ముక్కలు కలిస్తే ఒక్కసారిగా ఆట ముగించేది జోడీ కట్ట. లెక్క కోసం బలాబలాలు ఇలా ఉన్నాయనుకుందాం:

దూకుడు, అడ్డుకట్ట మీద 60 శాతం గెలుస్తుంది.
అడ్డుకట్ట, జోడీ మీద 60 శాతం గెలుస్తుంది.
జోడీ, దూకుడు మీద 65 శాతం గెలుస్తుంది.
ఒకే రకం కట్టలు తలపడితే చెరి 50.

మీతో ఆడబోయేవారు పదిమంది. ఐదుగురిది దూకుడు, ముగ్గురిది అడ్డుకట్ట, ఇద్దరిది జోడీ. మీరు దూకుడు కట్ట తెస్తే పది ఆటల్లో సగటున 5×0.50 + 3×0.60 + 2×0.35 = 5.0 గెలుపులు. అడ్డుకట్టకు 4.7. జోడీకి 5.45. కాబట్టి జోడీ తేవాలి.

మరుసటి ఆదివారం ఈ సంగతి అందరికీ తెలిసి ఐదుగురు జోడీ తెచ్చారు, దూకుడు ఇద్దరే మిగిలారు, అడ్డుకట్ట ముగ్గురే. ఇప్పుడు దూకుడుకు 4.55, జోడీకి 5.0, అడ్డుకట్టకు 5.3. ముక్క ఒక్కటీ మారలేదు. గది మారింది. కిందటి వారం అన్నిటికన్నా వెనకబడ్డ కట్ట ఈ వారం ముందుకొచ్చింది.

అందరినీ గెలిచే కట్ట లేదు. ఎవరి చేతిలో ఓడిపోవడానికి సిద్ధపడుతున్నామో ముందే తెలుసుకుని కట్టిందే మంచి కట్ట.

6. నాలుగో పాఠం: దాడా, కాపా?

ఒకే కట్టతో ఆడినా ప్రతి ఆటలో మన పాత్ర ఒకటి కాదు. మైక్ ఫ్లోరెస్ అనే ఆటగాడు 1999లో రాసిన వ్యాసం ఈ విషయంలో పేరుపొందింది. ఆయన చెప్పిందాని సారం ఇది: రెండు కట్టలు ఒకేలా కనిపించినా, ఒకరు దాడి చేయాలి, ఒకరు కాచుకోవాలి. తన పాత్ర ఏదో తప్పుగా అనుకున్నవాడు ఓడిపోతాడు.

ఎలా తెలుసుకోవాలి? ఆట సాగేకొద్దీ ఎవరి చేతికి బలం పెరుగుతుందో చూడండి. ఎదుటివాడి పెద్ద ముక్కలు ఆలస్యంగా వచ్చేవైతే మనం తొందరపడాలి. మనవే ఆలస్యంగా వచ్చేవైతే ప్రాణం కాపాడుకుంటూ కాలం గడపాలి. మా గదిలో మేము ఎక్కువసార్లు ఓడింది ముక్కలు లేక కాదు, కాచుకోవలసిన చోట దూకి.

7. ఐదో పాఠం: పక్క కట్ట

మ్యాజిక్ పోటీల్లో మామూలుగా మూడింటిలో రెండు గెలవాలి. పక్కన 15 ముక్కలు విడిగా ఉంచుకోవచ్చు. మొదటి ఆట తర్వాత ఎదుటివాడిని బట్టి మార్చుకోవచ్చు. ఒక కట్ట మీద మన అవకాశం ఆటకు 40 శాతమే అనుకుందాం. మార్పు లేకుండా ఆడితే పోటీ గెలిచే అవకాశం 35 శాతం. పక్క కట్ట సాయంతో రెండో, మూడో ఆటల్లో 50కి తెచ్చుకుంటే పోటీ గెలిచే అవకాశం 45 అవుతుంది. మొదటి ఆట ఓడినా కుంగిపోకుండా, ఎందుకు ఓడామో చూసుకుని ముక్కలు మార్చినవాడికి ఈ పది శాతం దొరుకుతుంది.

8. పైసలు పెట్టే ఆట

ఇప్పుడు వార్డెన్ సార్ భయం సంగతి. ఒక దీపావళి రాత్రి మా నాయన మూడు ముక్కల ఆటలో పత్తి అమ్మిన పైసలు పోగొట్టుకున్నాడు. ఆ ఏడు మా అక్క చదువు ఇంటర్ దగ్గర ఆగిపోయింది. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలని అందరూ మెచ్చుకుంటారు. లెక్క ప్రకారం మొదలు కావలసింది అక్క. ఆమెవి మాకన్నా మంచి మార్కులు.

1967 నవంబరులో సుప్రీంకోర్టు సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బుకు సంబంధించిన కేసులో, రమ్మీ మూడు ముక్కల ఆటలాగా కేవలం అదృష్టం కాదని, పడిన ముక్కలు గుర్తుంచుకోవడం, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియడం అందులో నైపుణ్యమని తీర్పునిచ్చింది. ఆ మాట నిజమే. కానీ నైపుణ్యం ఉందంటే పైసలు మిగులుతాయని కాదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం జూద చట్టాన్ని సవరించి పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా ఆన్‌లైన్ డబ్బు ఆటలన్నిటినీ నిషేధించింది.

చట్టం పక్కన పెట్టి లెక్క చూడండి. నలుగురు తలా 500 తెచ్చారు, మొత్తం 2000. ఆటకు తలా 100, అంటే 400. ఆడించేవాడు అందులో నూటికి ఐదు చొప్పున 20 తీసుకుంటాడు. నూరు ఆటలు తిరిగేసరికి అతను తీసుకున్నదే 2000, అంటే నలుగురూ కలిసి తెచ్చినంత అవుతుంది. నలుగురిలో ఎవరు తెలివైనవారన్నది ఈ లెక్కలో ఎక్కడా రాలేదు.

ఫోన్ పోకెమాన్‌లో రోజుకు రెండు ప్యాకెట్లు ఉచితం. అంతకుమించి తెరవడానికి పైసలు పెట్టే దారి కూడా ఉంది. లోపల ఏ ముక్క ఉందో తెలియకుండా కొనడమూ ఒక పందెమే. ఆ రెండింటితో ఆపండి.

9. అభ్యాసం

1) 25 ముక్కల కట్టలో రెండు ప్రతులుంటే మొదటి ఐదింటిలో ఒకటైనా వచ్చే అవకాశమెంత? (45కూ 31కీ మధ్య రావాలి.)
2) పదిమందిలో నలుగురు దూకుడు, నలుగురు అడ్డుకట్ట, ఇద్దరు జోడీ అయితే ఏ కట్ట తేవాలి?
3) పాత శుభలేఖలతో 20 ముక్కల కట్ట కట్టండి. ఏ ముక్కలు వదిలేశారో, ఎందుకు వదిలేశారో పక్కన రాయండి. మేము ముందుగా చూసేది ఆ కాగితాన్నే.

సెలవుల్లో మళ్ళీ వస్తాం. అందరం వరండాలో కూర్చుని ఆడదాం. ఎవరి కట్ట వారు తెండి. పైసలు మాత్రం తేవద్దు.