షటిల్ ఆట: తొలి పాఠము

మన యూళ్లలో షటిల్ అని పిలుచు ఆటకు అసలు పేరు బ్యాడ్మింటన్. ఇంగ్లండులోని ఒక ప్రభువు భవనము పేరే దీనికి వచ్చినది. పందొమ్మిదవ శతాబ్దమున పూనాలోని ఆంగ్ల సైనికాధికారులు దీనిని ఆడి, కొన్ని నియమములు ఏర్పరచిరి.

ఈ ఆటలో బంతి లేదు. బెండు బిరడాకు 16 ఈకలు గ్రుచ్చిన షటిల్ కలదు. దాని బరువు సుమారు 5 గ్రాములు. ఎట్లు కొట్టినను బిరడాయే ముందుకు తిరుగును. ఈకలకు గాలి అడ్డుపడుటచే వేగము త్వరగా తగ్గును. కావున కేవల బలముతో ఈ ఆట సాగదు.

మొదట నేర్వవలసినది పట్టు. మిత్రునితో కరచాలనము చేయునట్లు రాకెట్టు పిడిని పట్టుకొనవలెను. వ్రేళ్లు వదులుగా నుండి, కొట్టు క్షణమున మాత్రమే బిగియవలెను. ఎల్లప్పుడు బిగించినచో మణికట్టు తిరుగదు. చేయి త్వరగా అలయును.

రెండవది సర్వీసు. షటిల్‌ను నేలనుండి 1.15 మీటర్ల ఎత్తుకు దిగువనుండియే కొట్టవలెను. అది వల దాటి ఎదుటి మూలగడిలో పడవలెను.

మూడవది అడుగు. కోర్టు పొడవు 44 అడుగులు. ఒంటరి ఆటలో 22 అడుగుల పొడవు, 17 అడుగుల వెడల్పుగల స్థలమును ఒక్కరే కాచుకొనవలెను. కావున ప్రతి దెబ్బ పిదప నడిమికి మరలవలెను. కొట్టిన దెబ్బను చూచుచు నిలిచినవారికి తరువాతి దెబ్బ అందదు.

నాటి ప్రకాశం జిల్లాలో జన్మించిన పుల్లెల గోపీచంద్‌కు 1994లో ఆడుచుండగా మోకాలికి తీవ్రమైన గాయమయ్యెను. అడుగే ప్రాణమైన ఆటలో అది ఎంతటి ఆపదయో ఊహింపుడు. ఆయన శస్త్రచికిత్సలకు ఓర్చి, పట్టు విడువక సాధన చేసి, 2001లో ఆల్ ఇంగ్లండ్ విజేత యయ్యెను.

తొలినాడే బలముగా బాదవలెనని మనసు త్వరపడును. బాలబాలికలారా! ముందు పట్టును, అడుగును సాధింపుడు. బలము వాని వెంట వచ్చును.