సామెతకు సామెతే జోడీ

ప్రశ్న: రష్యన్ నేర్చుకుంటున్నాను. అక్కడి సామెతలను మాటకు మాట ఇంగ్లిష్‌లోకి మార్చుకుంటే సరిపోతుందా?

జవాబు: చాలావాటికి సరిపోదు. ఆ సామెత ఏ సందర్భంలో వాడతారో ముందు తెలుసుకోండి. అదే సందర్భంలో ఇంగ్లిష్‌వాళ్లు ఏమంటారో తర్వాత వెతకండి.

'తులాకి సొంత సమోవార్ మోసుకెళ్లడం' అంటారు రష్యన్లు. మాస్కోకు దక్షిణాన ఉన్న తులా, టీకి నీళ్లు కాచే సమోవార్ల తయారీకి పేరుమోసిన ఊరు. ఇంగ్లిష్‌లో ఇదే 'న్యూకాసిల్‌కి బొగ్గు మోసుకెళ్లడం'. ఒకప్పుడు బొగ్గు ఎగుమతికి పెట్టింది పేరు ఆ రేవు. ఊరూ సరుకూ వేరైనా భావం ఒక్కటే.

'గుడ్లు కోడికి పాఠం చెప్పవు' అన్నదానికి జోడీ 'అమ్మమ్మకు గుడ్డు పీల్చడం నేర్పకు'. మన 'తాతకు దగ్గులు నేర్పడం' ఈ కోవలోదే.

కొన్ని మాత్రం దాదాపు ఉన్నదున్నట్టే కుదురుతాయి. కోసేముందు రష్యన్ ఏడుసార్లు కొలవమంటుంది, ఇంగ్లిష్ రెండుసార్లు చాలంటుంది. 'నమ్ము, కానీ సరిచూసుకో' అన్నదైతే నేరుగా ఇంగ్లిష్‌లోకి వచ్చేసింది. 1987లో అణు క్షిపణుల ఒప్పందంపై సంతకాల వేళ అమెరికా అధ్యక్షుడు రీగన్, సోవియట్ నేత గోర్బచెవ్ ఎదుట 'దొవెర్యాయ్, నొ ప్రొవెర్యాయ్' అని రష్యన్‌లోనే పలికి దానికి ప్రచారం తెచ్చారు.

19వ శతాబ్దంలో వ్లదీమిర్ దాల్ కూర్చిన సంకలనంలోనే 30 వేలకు పైగా సామెతలున్నాయి. అన్నీ ఒకేసారి తలకెత్తుకోకండి. నోట్‌బుక్‌లో మూడు గడులు గీసి సామెత, సందర్భం, ఇంగ్లిష్ జోడీ రాసుకోండి. జోడీ దొరకనిచోట బలవంతంగా అంటగట్టకుండా భావం రాసుకుంటే చాలు.