పిక్క కండరం, వేడినీళ్లు, మన చేతులు



మర్దన, జలచికిత్స నేర్చుకోవడానికి మా ఫిజియోథెరపీ విభాగానికి వచ్చే విద్యార్థులకు మొదటి వారంలో నూనె సీసా చేతికివ్వము. ముందు కండరాల పటం ఇస్తాము. చర్మం క్రింద ఏముందో తెలియని చెయ్యి మేలు చేయవచ్చు, కీడు కూడా చేయవచ్చు. ఇళ్లలో కాపడం పెట్టేది, కాళ్లు పిసికేది మీరే కనుక, ఆ పాఠంలో పిక్కను గురించిన భాగాన్ని ఈ నెల మీకు కూడా చెబుతున్నాము.

నరమా? కండరమా?

"రాత్రి నరం పట్టేసిందండీ" అని చాలామంది చెబుతారు. నరం మెదడుకూ శరీరానికీ మధ్య కబుర్లు మోసే తీగ వంటిది. పట్టేసేది కండరం. ఎముకలను కదిలించే కండరాలు మన దేహంలో 600కు పైగా ఉన్నాయి. కండరం తనంతట తాను కుదించుకోగలదు గాని సాగలేదు. ఎదుటి వైపు కండరమో, మన చెయ్యో దానిని సాగదీయాలి. కుదించుకున్నది వదలకపోతే దానినే పట్టేయడం అంటాము.

పిక్కలో ముఖ్యమైన కండరాలు రెండు. పైకి గుండ్రంగా కనబడేది గాస్ట్రోక్నీమియస్. ఇది తొడ ఎముక క్రింది చివర నుండి రెండు పాయలుగా బయలుదేరి మోకాలిని దాటి వస్తుంది. దాని అడుగున వెడల్పుగా ఉండేది సోలియస్. ఇది మోకాలి క్రింది ఎముకల నుండే మొదలవుతుంది. ఈ రెండూ కలిసి అకిలీస్ టెండన్ అనే గట్టి పట్టీగా మారి మడమ ఎముకకు అంటుకుంటాయి. మడమ వెనుక వ్రేళ్లతో పట్టుకొని చూడండి, తెలుస్తుంది.

ఈ సంగతి తెలిస్తే రాత్రిపూట పిక్క పట్టేసినప్పుడు ఏమి చేయాలో కూడా తెలుస్తుంది. పై కండరం మోకాలిని దాటుతుంది కనుక మోకాలు వంచి ఉంచితే అది పూర్తిగా సాగదు. మోకాలు చాపి, పాదాన్ని మీ వైపుకు మెల్లగా లాగి అర నిమిషం పట్టుకోండి. పట్టు వదిలిన తరువాత కాపడం పెట్టవచ్చు.

పిక్కకు మరొక పని కూడా ఉంది. పాదాలకు దిగిన రక్తం పైకి ఎక్కాలి. నడిచేటప్పుడు పిక్క కండరాలు లోపలి సిరలను నొక్కి రక్తాన్ని పైకి పంపుతాయి. సిరలలోని కవాటాలు దానిని వెనుకకు జారనివ్వవు. అందుకే పిక్కను రెండవ గుండె అంటారు. మర్దన కూడా చీలమండ నుండి మోకాలి వైపుకే, గుండె దిశగా చేయమని మేము నేర్పిస్తాము.

వేడి ఎప్పుడు? చల్లదనం ఎప్పుడు?

వేడి రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, బిగిసిన కండరాన్ని సడలిస్తుంది. చల్లదనం రక్తనాళాలను కుదించి నొప్పిని తగ్గిస్తుంది. కనుక పాత నొప్పికి, పట్టివేతకు వేడి. కొత్తగా బెణికి వాచిన చోట మొదటి రెండు రోజులు చల్లదనం. అప్పుడు మర్దన వద్దు, వేడి వద్దు.

కాళ్లు ముంచే వేడినీళ్లు 40 డిగ్రీల సెల్సియస్‌కు మించకూడదు. థర్మామీటరు లేకపోతే మోచేతితో చూడండి. హాయిగా ఉండాలి గాని చురుక్కుమనకూడదు. పది, పదిహేను నిమిషాలు చాలు. 60 డిగ్రీల నీళ్లు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాల్చగలవు. ఐసును గుడ్డలో చుట్టి పది నిమిషాలు పెట్టండి, చర్మానికి నేరుగా ఆనించవద్దు.

చెయ్యి వేయకూడని సమయాలు

దయచేసి ఈ భాగాన్ని ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

1. ఒక కాలి పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే మర్దన చేయవద్దు. కాన్పు తరువాత, ఆపరేషన్ తరువాత, చాలాకాలం మంచంలో ఉన్న తరువాత, సుదీర్ఘ ప్రయాణం తరువాత లోపలి సిరలో రక్తం గడ్డకట్టవచ్చు. పిసికితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణం తీయవచ్చు. నూనె ప్రక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి తీసుకొని రండి. ఆయాసం గాని ఛాతీ నొప్పి గాని ఉంటే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయవద్దు.

2. షుగరు వ్యాధి వలన, కుష్ఠువ్యాధి వలన పాదాలు మొద్దుబారిన వారికి వేడినీళ్ల కాపడం పెట్టవద్దు. కాలినా వారికి తెలియదు. కుష్ఠు రోగుల వ్రేళ్లు, పాదాలు పాడయ్యేది ముఖ్యంగా నొప్పి తెలియక తగిలే గాయాల వలననే అని వెల్లూరులో సేవ చేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ (1914–2003) చూపించారు. నొప్పి మనకు కావలివాడు. కావలివాడు లేని చోట వేడి పెట్టడం ప్రమాదం.

3. జ్వరం, పుండు, చీము, ఎర్రబారిన చర్మం, ఎముక విరిగిందన్న అనుమానం ఉన్నప్పుడు మర్దన వద్దు. ఉబ్బిన సిరల మీద గట్టిగా నొక్కవద్దు.

జ్ఞాపకముంచుకోండి

చెయ్యి వేసే ముందు మా విద్యార్థులు అడిగే మూడు ప్రశ్నలను మీరు కూడా అడగండి. నొప్పి ఎప్పటి నుండి? ఒక కాలికా, రెండు కాళ్లకా? తాకితే తెలుస్తున్నదా? జవాబులో అనుమానం ఉంటే మర్దన మానండి.

మంచి సమరయుని జ్ఞాపకం చేసుకుందాము. అతడు గాయాలపై నూనె, ద్రాక్షారసం పోసి కట్టాడు. అంతటితో ఆగక, గాయపడినవానిని తన వాహనం మీద ఎక్కించి పూటకూళ్ల యింటికి చేర్చాడు. నూనె రాయడం ప్రేమే. అవసరమైనప్పుడు మోసుకొని వెళ్లి చేర్చడం కూడా ప్రేమే. ప్రభువు మీ చేతులను దీవించును గాక.