దురద ఒకటే – దొంగలు వేరు

గజ్జి, తామర, చిడుము, దురద! సంతల్లోనూ, బస్టాండుల్లోనూ పైపూత మందులు అమ్మేవాళ్ళు ఈ పేర్లన్నీ ఒక్క ఊపిరిలో చదివేసి, అన్నిటికీ ఒకే డబ్బా చూపిస్తారు. వినేవాళ్ళకు ఇవన్నీ ఒకే జబ్బుకు ఉన్న నాలుగు పేర్లేమో అనిపిస్తుంది. నిజానికి గజ్జిని కలిగించేది ఎనిమిది కాళ్ళున్న ఒక చిన్న జీవి. తామరను కలిగించేది ఒక రకం బూజు. ఒకదాని మందు రెండోదానికి పనిచేయదు. మరి, దురద అంటూ వచ్చిన మనిషిని చూసి డాక్టరు అసలు దొంగను ఎలా పట్టుకుంటారు?

సికింద్రాబాదులో మా బోయిగూడకు దగ్గరలోనే గాంధీ ఆసుపత్రి ఉంది. రైల్వే స్టేషను దగ్గరి పాత భవనాల నుంచి అది 2003లో ముషీరాబాదుకు మారింది. అటువంటి ఒక పెద్ద ఆసుపత్రిలో చర్మవ్యాధుల డాక్టరు గది ముందు నలుగురు కూర్చున్నారని ఊహించుకుందాం. వాళ్ళతోపాటు మనమూ లోపలికి వెళ్దాం.

దానికి ముందు చర్మం గురించి రెండు మాటలు. మన చర్మంలో పైపొర బాహ్యచర్మం, దాని కింద అంతశ్చర్మం. బాహ్యచర్మం అడుగున కొత్త కణాలు పుడుతూ, పాతవాటిని పైకి నెడుతుంటాయి. పైకి చేరేసరికి అవి చనిపోయి, కెరటిన్ అనే గట్టి ప్రొటీనుతో నిండిన పొలుసులవుతాయి. ఇలా అడుగున పుట్టిన కణం పైనుంచి రాలిపోవడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి. తరువాత పనికొస్తుంది.

మొదటి రోగి: ఉంగరం లాంటి మచ్చ

పదో తరగతి అబ్బాయి. నడుము దగ్గర గుండ్రని మచ్చ. అంచు ఎర్రగా, ఉబ్బెత్తుగా, పొలుసులతో ఉంది. మధ్యభాగం మాత్రం దాదాపు మామూలుగా కనిపిస్తోంది. ఇది తామర.

మచ్చ గుండ్రంగానే ఎందుకుంటుంది? ఎండుగడ్డి బీడులో నిప్పురవ్వ పడితే మంట అన్ని వైపులకూ సమానంగా పాకుతుంది. మధ్యలో గడ్డి కాలిపోయి మంట ఆరిపోతుంది. అంచున మాత్రం మండుతూనే ఉంటుంది. తామర బూజుకు ఆహారం కెరటిన్. అదికూడా పడినచోటు నుంచి బయటికి పాకుతుంది. మధ్యలో శరీరం దాన్ని కొంతవరకు అణచివేస్తుంది. అంచున పోరాటం సాగుతూంటుంది.

అందుకే డాక్టరు పరీక్షకు పొలుసులను మధ్య నుంచి కాక అంచు నుంచి గీకి తీస్తారు. గాజుపలక మీద వాటికి పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం చుక్క కలుపుతారు. ఆ క్షారానికి కెరటిన్ కరిగిపోతుంది గాని, బూజు దారాల గోడలు కరగవు. సూక్ష్మదర్శిని కింద కొమ్మలు వేసిన సన్నని దారాలు కనబడితే దొంగ దొరికినట్లే! తలమీద వచ్చే ఒక రకం తామరకు బూజే కారణమని పారిస్‌లో డేవిడ్ గ్రూబీ 1841లోనే చూపించాడు.

రెండో రోగి: రాత్రివేళ దురద

ఈ అమ్మాయికి వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, నడుము చుట్టూ చిన్న చిన్న పొక్కులు. డాక్టరుగారు రెండే ప్రశ్నలు అడిగారు: "రాత్రిపూట దురద ఎక్కువా? ఇంట్లో ఇంకెవరైనా గోక్కుంటున్నారా?" రెండింటికీ జవాబు "అవును". ఇది గజ్జి.

గజ్జి పురుగు పొడవు అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఆడపురుగు బాహ్యచర్మంలో సొరంగం తవ్వి, రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతుంది. 1687లో ఇటలీలో బొనోమో అనే వైద్యుడు, చెస్తోని అనే మందుల తయారీదారు కలిసి దీన్ని సూక్ష్మదర్శినితో చూసి, గజ్జికి కారణం ఈ పురుగేనని చెప్పారు. అంతవరకు చెడు రక్తమే గజ్జికి మూలమని వైద్యులు నమ్మేవారు.

మొదటిసారి గజ్జి సోకినప్పుడు దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంటే దురద లేని తమ్ముడి దగ్గర కూడా పురుగులు ఉండవచ్చు! అందుచేత పెర్‌మెత్రిన్ లేపనాన్ని ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి, మెడ నుంచి అరికాళ్ళ దాకా రాసుకోవాలి. వారం తరువాత మరోసారి రాయాలి. బట్టలు, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరవేయాలి. ఒక్కరే రాసుకుంటే గజ్జి ఇల్లంతా తిరిగి మళ్ళీ మొదటివారి దగ్గరికే వస్తుంది.

మూడో రోగి: ఒక మొక్క చేసిన పని

ఈయన తోటమాలి. కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు ఎర్రబడి, మందంగా మారాయి. బట్ట కప్పిన చోట అంతగా లేదు. కలుపు పీకిన రోజుల్లో బాధ ఎక్కువ. ఇక్కడ పురుగూ లేదు, బూజూ లేదు. దొంగ వయ్యారిభామ! తెల్లని చిన్న పూలతో రోడ్ల పక్కన, బీళ్ళలో పెరిగే ఈ కలుపుమొక్కను చాలామంది కాంగ్రెస్ గడ్డి అంటారు. దాని పొడి గాలిలో తేలి వచ్చి చర్మం మీద పడుతుంది. కొందరి శరీరం దాన్ని శత్రువుగా భావించి అనవసరంగా యుద్ధం ప్రకటిస్తుంది. దీన్నే ఎలర్జీ అంటాం. అనుమానమున్న పదార్థాలను వీపు మీద పట్టీలుగా అతికించి, రెండు రోజుల తరువాత ఏది ఎర్రబడిందో చూసి డాక్టరు నిర్ధారిస్తారు. ఆ మొక్కకు దూరంగా ఉండటం మొదటి చికిత్స. ఈ అనవసర యుద్ధాన్ని చల్లార్చడానికి డాక్టరు స్టెరాయిడ్ లేపనం ఇస్తారు.

నాలుగో రోగి: దురద లేని మచ్చ

నాలుగో అమ్మాయి చేతిమీద పాలిపోయిన మచ్చ. దురదా లేదు, నొప్పీ లేదు. డాక్టరు ఆమెను కళ్ళు మూసుకోమని, దూది పోచతో మచ్చను తాకారు. ఆమెకు తెలియలేదు! మామూలు చర్మం మీద తాకితే వెంటనే చెప్పింది. తెల్లమచ్చలన్నీ ఒకటి కావు. శోభి మచ్చల్లోనూ, బొల్లిలోనూ స్పర్శ పోదు. స్పర్శ పోయిన మచ్చ కుష్ఠుకు ముఖ్యమైన గుర్తు.

దీనికి కారణమైన బాక్టీరియాను 1873లో నార్వేలో హాన్సెన్ కనుగొన్నాడు. అది నరాలను దెబ్బతీస్తుంది. 1915లో నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో ఇసాబెల్ కెర్ అనే డాక్టరు కుష్ఠురోగులకు ఆసుపత్రి ప్రారంభించినప్పుడు, ఆమె చేతిలో ఉన్న మందు ఒక చెట్టు గింజల నూనె. నేడు బహుళ ఔషధ చికిత్సతో 6 నెలల్లోనో, 12 నెలల్లోనో కుష్ఠు నయమవుతుంది. ఈ మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం. ఆలస్యం చేస్తే మాత్రం పోయిన నరాలు తిరిగి రావు. దురద లేదు కదా అని ఊరుకోవడమే ఇక్కడ ప్రమాదం.

ఒకే మందు – రెండు ఫలితాలు

ఇప్పుడు మొదటి రోగి దగ్గరికి మళ్ళీ వద్దాం. అతడు డాక్టరు దగ్గరికి రాకుండా, తోటమాలి వాడే స్టెరాయిడ్ లేపనాన్నే మందుల షాపులో కొని రాసుకున్నాడనుకోండి. రెండు రోజుల్లో ఎరుపూ, దురదా తగ్గిపోతాయి. "భలే మందు!" అనుకుంటాడు. కాని ఆ ఎరుపూ దురదా ఎక్కడివి? బూజుతో శరీరం చేస్తున్న పోరాటం వల్ల వచ్చినవి. స్టెరాయిడ్ ఆ పోరాటాన్నే ఆపింది. కాపలావాడిని నిద్రపుచ్చితే ఇంట్లో అల్లరి ఉండదు, దొంగకు అడ్డూ ఉండదు! బూజు నిశ్శబ్దంగా పాకుతుంది. ఉంగరపు అంచు చెరిగిపోయి, డాక్టరుకు కూడా గుర్తుపట్టడం కష్టమవుతుంది. 1968లో ఇద్దరు బ్రిటిష్ వైద్యులు దీనికి మారువేషపు తామర అని అర్థం వచ్చే పేరు పెట్టారు. పైగా ఆ లేపనం ఎక్కువకాలం వాడితే చర్మం పలచబడి, చారలు పడతాయి. ఆ చారలు పోవు.

మన దేశంలో ఈ బెడద ఎంత పెరిగిందంటే, 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ లేపనాలను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది. టెర్బినఫిన్ వంటి మంచి మందుకు కూడా లొంగని తామర బూజు ఒకటి మన దేశంలో వ్యాపించింది. దానికి 2020లో శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులో మన దేశం పేరు కూడా కలిసింది: ట్రైకోఫైటన్ ఇండోటినే.

ఇప్పుడు ఆ నాలుగు వారాల సంగతి గుర్తు తెచ్చుకోండి. దురద వారంలో తగ్గవచ్చు. బూజు పట్టిన కెరటిన్ మాత్రం ఇంకా చర్మం మీదే ఉంటుంది. అది రాలిపోయేదాకా, డాక్టరు ఆపమనేదాకా మందు వాడాలి. మధ్యలో మానేస్తే మిగిలిన బూజు మళ్ళీ పాకుతుంది.

స్నానం చేశాక ఒళ్ళు, ముఖ్యంగా మడతలు, పొడిగా తుడుచుకోండి. తువ్వాలు, దువ్వెన ఎవరివి వారే వాడండి. తడి బట్టలు వేసుకోకండి. ఇంట్లో ఉన్న లేపనం గొట్టాన్ని ఒకసారి మీ సైన్సు మాస్టారికి చూపించి, దానిమీద రాసిన పేర్లు చదివించుకోండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అన్న పేర్లలో ఏదైనా ఉంటే అది స్టెరాయిడ్. డాక్టరు చెప్పకుండా దాన్ని ఏ ఉంగరపు మచ్చకూ రాయవద్దని ఇంట్లో పెద్దలకు చెప్పండి.