ఏ సిలువ మనది?

పఠింపవలసిన భాగములు: మత్తయి 27:32–37, గలతీ 6:11–16

మన ఎడ్లపాడు మొదలుకొని నరసరావుపేట వరకు ఏ పల్లెకు పోయినను సిలువలు కనబడును. గుడిమీద ఒకటి, సమాధిమీద ఒకటి, మెడలో ఒకటి. అన్నియు ఒక తీరున లేవు. లూథరను ఇంటి పిల్లను బాప్తిస్టు ఇంటికిచ్చినచోట, పెద్దవారు ప్రభువునందు నిద్రించినప్పుడు సమాధిమీద ఏ సిలువ నిలుపవలెనని మాట పట్టింపు రావచ్చును. దుఃఖములో నున్న ఇంటికి అది తగదు. కావున ఈ నెల ఈ సంగతి విచారింతము.

ముందు లేఖనమును చూడుడి. నలుగురు సువార్తికులలో ఒక్కరును సిలువ ఆకారమును వర్ణింపలేదు. గ్రీకు మాటకు నాటిన మ్రాను అనియే మొదటి అర్థము. రోమీయులు శిక్షపడినవానిచేత అడ్డదూలమును మోయించెడివారు; కురేనీయుడైన సీమోను మోసినది అదియే కావచ్చును. అయితే ప్రభువు తలకు పైగా నేరము వ్రాసిన పలక ఉంచిరని మత్తయి చెప్పుచున్నాడు గనుక, మ్రాను దూలమునకు పైగా కొంత నిలిచియుండెనని సంఘము తలంచెను. మనము ఎక్కువగా చూచు పొడుగు సిలువ ఇదియే. దీనికి లాటిను సిలువ అని పేరు. నాలుగు ప్రక్కలు సమముగా నున్నది గ్రీకు సిలువ. గుణకారపు గుర్తువలె నున్నది అంద్రెయ సిలువ. ఆ అపొస్తలుడు అట్టిదానిపై మరణించెననుట చాలకాలము తరువాత పుట్టిన కథయే గాని లేఖనము గాదు.

ఆదిక్రైస్తవులు సిలువను బహిరంగముగా నిలుపుట అరుదు. మనకు అలంకారమైనది వారి కండ్లకు ఉరికొయ్య. రోము పట్టణపు పాలటైను కొండమీద 1857లో ఒక గోడ గీత బయటపడినది. సిలువమీద గాడిద తల గల మనుష్యుడు, క్రింద చేయెత్తి మ్రొక్కుచున్న ఒకడు. అతని పేరు అలెక్సమెనొసు. ఇతడు తన దేవుని పూజించుచున్నాడని ఎవడో ఎగతాళిగా వ్రాసెను. నాలుగవ శతాబ్దమున కాన్‌స్టంటైను చక్రవర్తి ఆ శిక్షను మాన్పిన తరువాతనే సిలువ గుడులకెక్కినది. మెడలోని సిలువను తాయెత్తువలె నమ్మువారు ఈ అలెక్సమెనొసును తలంచుకొనవలెను.

ఇక మన తగవు. లూథరను గుడులలో ప్రభువు శరీరముగల సిలువ ఉండుట కలదు. మన పాపము ఆయనకేమి చేసెనో అది చూపును. బాప్తిస్టులు వట్టి సిలువ ఉంచుదురు. ఆయన లేచియున్నాడని దాని భావము. శుక్రవారము లేక ఆదివారము లేదు, ఆదివారము లేక శుక్రవారమునకు ఫలము లేదు. రెంటిలో ఏది నిలిపినను సమాధిలోనివారికి నష్టము లేదని మా అభిప్రాయము. మార్టిన్ లూథరు తన ముద్రలో ఎఱ్ఱని హృదయము నడుమ నల్లని సిలువ ఉంచెను. దాని అర్థమును 1530 జూలై 8న ఒక స్నేహితునికి జాబు వ్రాసెను. సిలువ నొప్పించును గనుక నలుపు. అయినను హృదయపు రంగును చెరుపదు, ఏలయనగా అది చంపక బ్రదికించును. చుట్టు తెల్లని గులాబి విశ్వాసమిచ్చు సంతోషమునకును సమాధానమునకును గుర్తు.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘపు చిహ్నములో సిలువతోకూడ తామరపువ్వు గలదు. తామర మనది కాదని కొందరు పెద్దలు సణుగుకొందురు. వారు చెన్నపట్టణమునకు పోయినప్పుడు పరంగిమల గుడిని చూడవలెను. అచ్చట 1547లో దొరకిన రాతి సిలువ వెయ్యి సంవత్సరములకు పైబడినదని పండితులందురు. దానిమీద పారసీకుల పూర్వభాషలో వ్రాత గలదు, పైన పావురము గలదు. సిలువ అడుగున పూరేకులు విప్పుకొనియున్నవి.