వరసలో ముందున్నవాడే ఆటలోనూ ముందుంటాడా?

ఉద్దానంలో కొబ్బరితోట వేయబోయే రైతు నారుమడి దగ్గర ఏం చేస్తాడో గమనించారా? చేతికందిన మొక్కనల్లా తీసుకోడు. ముందుగా మొలకెత్తినదీ, మొదలు లావుగా ఉన్నదీ, ఆకులు ఎక్కువ వేసినదీ ఏరుకుంటాడు. అలాంటి మొక్కలు సగటున త్వరగా కాపుకొస్తాయని రైతు అనుభవమూ చెబుతుంది, వ్యవసాయశాస్త్రమూ చెబుతుంది.

“సగటున” అన్న మాట గుర్తుంచుకోండి. ఏరిన ప్రతి మొక్కా కాస్తుందని దాని అర్థం కాదు. నేల, నీరు, పురుగు, గాలి తరవాత వచ్చి చేరతాయి. 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలో తోటలకు తోటలనే పడగొట్టింది. మొక్కనాడు కొలిచిన లావు ఆ గాలిని ముందుగా చెప్పగలదా?

మొక్కలను ఏరినట్టే ఆటగాళ్ళనూ లేతవయసులోనే ఏరుతారు. మరి ఆ రోజు వేసిన వరస ఎంతవరకు నిజమవుతుంది?

199వ ఆటగాడు

అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు. అందులో బంతిని చేత్తో విసిరి, జట్టు ఎత్తుగడను నడిపించే ఆటగాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. అక్కడి జట్లు ఏటా కళాశాల ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకుంటాయి. ఈ పద్ధతి పేరు డ్రాఫ్ట్. కిందటేడు అందరికన్నా వెనకబడిన జట్టుకు మొదటి వంతు.

1998లో మొదటి వంతులో పేటన్ మానింగ్‌ను, రెండో వంతులో రయన్ లీఫ్‌ను తీసుకున్నారు. ఇద్దరూ క్వార్టర్‌బ్యాక్‌లే. మానింగ్ మహా ఆటగాడయ్యాడు. లీఫ్ కొద్ది ఏళ్ళకే ఆట నుంచి తప్పుకున్నాడు. 2000లో 199వ వంతు దాకా ఎవరూ తీసుకోని టామ్ బ్రాడీ తరవాత ఏడుసార్లు సూపర్ బౌల్ గెలిచాడు.

మన దగ్గరా ఇలాంటిది జరిగింది. విశాఖపట్నం కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డిని 2023 ఐ.పి.ఎల్. కోసం సన్‌రైజర్స్ హైదరాబాద్ కనీస ధర 20 లక్షలకే తీసుకుంది. 2024 డిసెంబరులో అతడు మెల్‌బోర్న్ టెస్టులో ఆస్ట్రేలియా మీద 114 పరుగులు చేశాడు.

అయితే ఎంపికలన్నీ వట్టివేనా? తొందరపడకండి! చివరి వంతుల్లో వచ్చి కనబడకుండా పోయినవాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళ పేర్లు మనకు తెలియవు కనుక లెక్కలోకి రావడం లేదు. రెండు మూడు కథలు చూసి సూత్రం తయారుచేయడం శాస్త్రం కాదు.

నీళ్ళు ఎవరికి దక్కాయి?

డేవిడ్ బెర్రీ, రాబ్ సిమన్స్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు 2011లో ప్రచురించిన పరిశోధనలో క్వార్టర్‌బ్యాక్‌ల లెక్కలన్నీ తీశారు. ముందు వంతుల్లో వచ్చినవాళ్ళ మొత్తం ఫలితం ఎక్కువగానే ఉంది. కాని వాళ్ళకు ఆడే అవకాశమూ ఎక్కువే దొరికింది. ఆడిన ఒక్కొక్క ఎత్తుకు ఎంత సాధించారని చూస్తే, వంతుకూ ఆటతీరుకూ పెద్దగా సంబంధం కనబడలేదు.

ఇది క్రికెట్ లెక్కలో చూద్దాం. ఒకడు 10 ఆటల్లో 300 పరుగులు, మరొకడు 2 ఆటల్లో 60 పరుగులు చేశారనుకోండి. మొత్తం చూస్తే మొదటివాడు గొప్ప. సగటు చూస్తే ఇద్దరిదీ 30!

అయితే ఇందులోనూ ఒక చిక్కుంది. వెనక వంతువాళ్ళలో బాగా ఆడతారని తోచినవాళ్ళకే అవకాశం వస్తుంది. అవకాశం రానివాళ్ళు ఎలా ఆడేవారో కొలవలేం. కాబట్టి వంతుకు విలువే లేదని కూడా ఈ పరిశోధన రుజువు చేయదు. అవకాశాన్ని, ప్రతిభను కలిపి కొలవరాదని మాత్రం హెచ్చరిస్తుంది.

మీరే చేసి చూడండి

ఐదు కుండీల్లో ఒకే రకం మట్టి పోసి బొబ్బర గింజలు నాటండి. ఏడో రోజున ఎత్తు కొలిచి 1 నుంచి 5 వరకు ర్యాంకులివ్వండి. అన్నిటికీ సమానంగా నీరు, ఎండ అందించి 30వ రోజున మళ్ళీ ర్యాంకులివ్వండి. ప్రతి మొక్క రెండు ర్యాంకుల తేడాను వర్గం చేసి, అన్నీ కూడండి. ఆ మొత్తాన్ని 6తో గుణించి, 120తో భాగించి, 1 లోంచి తీసివేయండి.

ఉదాహరణకు 1, 2, 3, 4, 5 ర్యాంకుల మొక్కలు తరవాత వరసగా 2, 1, 4, 3, 5 అయ్యాయనుకోండి. వర్గాల మొత్తం 4. జవాబు 1 − 24/120 = 0.8. దీన్ని కోటి సహసంబంధ గుణకం అంటారు. వరస ఏమీ మారకపోతే 1 వస్తుంది. పూర్తిగా తిరగబడితే −1. సున్నా దగ్గర ఉంటే మొదటి వరస ఏమీ చెప్పనట్టే.

మరో ఐదు కుండీల్లో మొదటి రెండు ర్యాంకుల మొక్కలకే ఎక్కువ ఎండ తగలనివ్వండి. రెండు జవాబులనూ పోల్చండి. తేడా వస్తే అది గింజ గొప్పా, మీ చేతి చలవా? మీ మిత్రులు చేసిన లెక్కలూ కలిపి చూడండి. ఐదు మొక్కలతో తీర్పు చెప్పకూడదు సుమా!

పాఠశాల జట్టుకు పిల్లల్ని ఏరేటప్పుడు పొడుగు చూసి వరస కట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. చివర నిలబెట్టిన పిల్లలకు బంతి అందిందే తక్కువ. వాళ్ళు ఆడలేదని తరవాత అనుకోవడం ఏం న్యాయం? వరస కట్టక తప్పదు నిజమే. కట్టాక కూడా అందరికీ బంతి అందించి, కొన్నాళ్ళకు మళ్ళీ కొలవాలి. మిమ్మల్ని ఎవరైనా చివర నిలబెడితే అది ఆ రోజు కొలత అనుకోండి. రేపటి కొలత ఇంకా తీయలేదు.