వృత్రవధ - అంతరార్థము

మహాసర్పమును సంహరించిన వీరుని గాథ పెక్కు జాతుల పురాణములయందు కానవచ్చును. మన వాఙ్మయమున దానికి మూలస్థానము ఋగ్వేదము. ప్రథమ మండలమునందలి 32వ సూక్తమునకు ద్రష్ట ఆంగిరసుడగు హిరణ్యస్తూపుడు. ఇందు 15 ఋక్కులు గలవు. పర్వతముపై శయనించి జలములను నిరోధించిన 'అహి'ని, త్వష్ట నిర్మించిన వజ్రముతో ఇంద్రుడు వధించెను. అంత ఆ జలములు అంబారవము చేయు ధేనువులవలె సముద్రాభిముఖముగ పరుగిడినవి.

అహి యనగా సర్పము. దానికే వృత్రుడని పేరు. ఈ శబ్దమునకు ఆవరించుట యను అర్థముగల 'వృ' ధాతువు మూలము. లోకమునకు జీవనాధారమైనదానిని కప్పియుంచువాడు వృత్రుడు. ఇతడెవ్వడని ప్రశ్నించుకొని యాస్కమహర్షి నిరుక్తమున రెండు పక్షములు చూపెను. నైరుక్తులకు అతడు మేఘము. యుద్ధవర్ణనము ఉపమానము మాత్రమే. ఐతిహాసికులకు అతడు త్వష్ట కుమారుడగు అసురుడు.

రెండవ పక్షమునకు తైత్తిరీయ సంహిత యందలి కథ ఆధారము. తన కుమారుడగు విశ్వరూపుని ఇంద్రుడు చంపగా, త్వష్ట ప్రతీకారమునకై హోమము చేసెను. 'ఇంద్రశత్రు' పదము అంతోదాత్తమైనచో 'ఇంద్రుని సంహరించువాడు' అను తత్పురుషము. ఆద్యుదాత్తముగ పలుకబడుటచే 'ఇంద్రుడే సంహర్తగా గలవాడు' అను బహువ్రీహి ఏర్పడెను. కోరిన వరమే మృత్యువైనది. స్వరదోషమునకు పతంజలి మహాభాష్యమున దీనినే ఉదాహరించెను. నేటికిని వేదపాఠశాలలలో ఇదియే దృష్టాంతము.

ఇచట ఒక సందేహము కలుగును. శత్రువు కూలిన పిదప విజేతకు సుఖము కలిగెనా? లేదు. ఆ సూక్తమందే 14వ ఋక్కున ఇంద్రుడు భయముతో తొంబదితొమ్మిది నదులను డేగవలె దాటిపోయినట్లు గలదు. శ్రీమద్భాగవతము షష్ఠస్కంధమున ఈ విషయము మరింత స్పష్టము. అందు వృత్రుడు పూర్వజన్మమున చిత్రకేతుడను భక్తుడు. యుద్ధమధ్యమున స్వర్గమును గాక భగవద్దాసుల దాస్యమును కోరెను. దధీచి అస్థులతో నిర్మితమైన వజ్రమున అతడు హతుడుకాగా, అతని తేజస్సు భగవంతుని చేరెను. ఇంద్రుడో, బ్రహ్మహత్యాదోషమునకు వెఱచి మానస సరస్సునందలి తామరతూటిలో దాగెను!

కావున వృత్రుడు బయట మాత్రమే లేడు. పదిమందికి చెందవలసిన నీటినో, ధాన్యమునో, విద్యనో కప్పిపెట్టిన ప్రతి హృదయమునందును అతడు శయనించియే యున్నాడు. ఛేదింపవలసినది ఆ ఆవరణమును. ద్వేషింపవలసినది వ్యక్తిని కాదు. శత్రువని తలచినవానియందు తనకంటె మిన్నయగు భక్తుడు ఉండవచ్చునని ఇంద్రుని చరిత్రము మనకు బోధించుచున్నది.